రోమ్‌లో మూడు రోజులు: ముందు ఏం బుక్ చేయాలి, ఏ వేళకి ఏం చూడాలి, శాకాహారులు ఏం తినాలి

రోమ్ వెళ్లేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే. కొలోస్సియం (పాత రోమన్ల రాతి క్రీడాశాల) టికెట్లు అయిపోయాయి, ఇప్పుడేం చేయాలి? సాయంత్రం నాలుగింటికి పెద్దవాళ్లకి ఆకలేస్తే ఒక్క రెస్టారెంటూ తెరిచి లేదు, ఎందుకు? మాంసం వద్దని చెప్పినా ప్లేటులో ఏవో ముక్కలు వచ్చాయి, అవేమిటి? అడగని బ్రెడ్డుకి బిల్లు వేశారు, కట్టాలా?

రోమ్‌లో చర్చిలు, వంటశాలలు, మార్కెట్లు దేని వేళలు దానివే. ఆ వేళలు తెలుసుకుని రోజును పేర్చుకుంటే సగం ఇబ్బందులు రావు. మెనూ చదవడం వస్తే మిగతా సగం పోతాయి. ఇక్కడ ఇచ్చిన ధరలు 2025 నాటివి. బయల్దేరే ముందు అధికారిక సైట్లలో ఒకసారి సరిచూసుకోండి.

కావలసినవి

- అందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసుకున్న కాగితం. టికెట్లు బుక్ చేసేటప్పుడు ఇదే చూసి కొట్టండి.
- మనిషికో కాంటాక్ట్‌లెస్ కార్డు, లేదా కార్డు ఎక్కించిన ఫోన్. మెట్రోలో ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు.
- ఒక యూరో నాణేలు ఓ పది. ఎందుకో కింద తెలుస్తుంది.
- ఖాళీ నీళ్ల బాటిల్. గాజుది వద్దు, కొలోస్సియం తనిఖీలో ఆపేస్తారు.
- పాతబడి పాదానికి అలవాటైన బూట్లు. పాత నగరం వీధులన్నీ చిన్న చిన్న నల్లరాళ్లు పరిచినవి. హీల్స్, పలచటి చెప్పులు వేసుకుంటే మొదటి రోజే మడమలు పట్టేస్తాయి.
- ఒక చున్నీ లేదా పలచటి శాలువా, చర్చిల కోసం.
- ప్లగ్ అడాప్టర్. ఇటలీలో గుండ్రటి సన్న పిన్నుల సాకెట్లు. మన రెండు పిన్నుల ఫోన్ చార్జర్ నేరుగా పడుతుంది. మూడు పిన్నులది పట్టదు.

1. మూడు టికెట్లే ముందు కొనండి, మిగతావి వదిలేయండి

అన్నీ బుక్ చేసుకుని గంటగంటకీ పరుగెత్తడం రోమ్‌లో అందరూ చేసే పొరపాటు. ముందుగా తీసుకోవలసినవి కొలోస్సియం, వాటికన్ మ్యూజియం. శిల్పాలంటే ఇష్టం ఉంటే బొర్గేజే గ్యాలరీ కూడా. అంతే.

కొలోస్సియం టికెట్లు అధికారిక సైట్లో 30 రోజుల ముందు నుంచి అమ్ముతారు. మామూలు టికెట్ 18 యూరోలు. అందులోనే పక్కనున్న ఫోరం (పాత రోమ్ నగర కూడలి శిథిలాలు), పాలటైన్ కొండ కూడా వస్తాయి. మైదానం అడుగున ఉన్న గదులూ చూడాలంటే 24 యూరోల టికెట్, అది చాలా త్వరగా అయిపోతుంది. 18 ఏళ్లలోపు పిల్లలకి ఉచితం, కానీ వాళ్ల పేరు మీద కూడా సున్నా యూరోల టికెట్ తీసుకోవాలి. పిల్లలకి అక్కర్లేదనుకుని గేటు దగ్గర ఇరుక్కునేవాళ్లు చాలామంది.

ఈ టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఫారంలో రెండు గడులూ నింపాల్సి వస్తే ఉన్న పేరునే రెండింట్లోనూ రాయండి. పొట్టి పేర్లు, ఇంట్లో పిలిచే పేర్లు రాయకండి.

సరిగ్గా కొన్నారో లేదో తెలుసుకోవాలంటే డబ్బు కట్టే పేజీలో మొత్తం చూడండి. మనిషికి 18 బదులు 40, 50 యూరోలు కనిపిస్తే మీరు మధ్యవర్తి సైట్లో ఉన్నారు. 'క్యూ లేకుండా' అని వాళ్లు అమ్మేదాంట్లోనూ చాలాసార్లు ఉండేది ఇదే టికెట్. భద్రతా తనిఖీ క్యూ ఎవరికీ తప్పదు.

టికెట్లు అయిపోతే రెండు దారులు. లైసెన్సున్న గైడుతో టూర్ తీసుకోవచ్చు, వాళ్లకి విడిగా కోటా ఉంటుంది. లేదా ఫోరం, పాలటైన్‌ల వరకే ఉన్న టికెట్ తీసుకుని కొలోస్సియాన్ని బయటి నుంచి చూడవచ్చు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. ఆ రోజు ముందస్తు బుకింగ్ ఉండదు, అక్కడికి వెళ్లే టికెట్ తీసుకోవాలి, జనం విపరీతంగా ఉంటారు. పెద్దవాళ్లతో వెళ్తే ఆ ఆదివారాన్ని ఇంకోదానికి వాడుకోండి.

వాటికన్ మ్యూజియం ఆన్‌లైన్‌లో 25 యూరోలు. అందులో 5 బుకింగ్ రుసుము. నేరుగా వెళ్లి కొంటే 20, కానీ ఆ 5 మిగుల్చుకోవడానికి ఎండలో గంటల తరబడి నిలబడాలి. ఆదివారాలు సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, మధ్యాహ్నం 12:30కి ప్రవేశం ఆపేస్తారు. జూన్ 29న, క్రిస్మస్ నాడు, జనవరి 1న మూసేస్తారు.

బొర్గేజే గ్యాలరీకి బుకింగ్ లేకుండా వెళ్లే వీల్లేదు. రెండు గంటల స్లాట్లుగా పంపిస్తారు, సోమవారం సెలవు.

2. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి

ఫ్యూమిచీనోలో దిగాక మూడు మార్గాలున్నాయి.

లియొనార్డో ఎక్స్‌ప్రెస్: 14 యూరోలు, మధ్యలో ఎక్కడా ఆగకుండా 32 నిమిషాల్లో టెర్మిని స్టేషన్.

ఎఫ్ఎల్1 లోకల్ రైలు: 8 యూరోలు. ట్రస్టేవెరే, ఓస్టియెన్సె, టిబుర్తీనా మీదుగా పోతుంది. టెర్మినికి వెళ్లదు. చవకని ఎక్కి టెర్మిని కోసం చూస్తూ కూర్చోవద్దు.

టాక్సీ: పాత నగరం ప్రాకారం లోపలికి ఎక్కడికైనా 55 యూరోల స్థిర ధర. అది బండి మొత్తానికి, సామాన్లతో కలిపి. నలుగురుంటే లియొనార్డో ఎక్స్‌ప్రెస్ కన్నా ఇదే చవక. నగరపాలక ముద్ర ఉన్న తెల్ల టాక్సీనే ఎక్కండి. ఎక్కే ముందే 55 అని డ్రైవరుతో చెప్పించుకోండి. లోపల వచ్చి 'టాక్సీ, టాక్సీ' అని పిలిచేవాళ్ల వెంట వెళ్లొద్దు.

కాగితం టికెట్టుతో లోకల్ రైలు ఎక్కేటప్పుడు ప్లాట్‌ఫారం దగ్గరి మెషీన్లో ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా వేస్తారు. టెర్మినిలో టికెట్ మెషీన్ దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్లు స్టేషన్ ఉద్యోగులు కారు.

3. బస

మెట్రో స్టేషనుకి పది నిమిషాల నడక దూరంలో ఉంటే చాలు. ప్రాతి, మోంటి పేటలు కుటుంబాలకి బాగుంటాయి. హోటల్ అద్దె కాక ఊరి పన్ను విడిగా కట్టాలి: మనిషికి రాత్రికి మూడు నక్షత్రాల హోటల్లో 6, నాలుగు నక్షత్రాల్లో 7.50, అయిదులో 10 యూరోలు. పదేళ్లలోపు పిల్లలకి లేదు. ఆన్‌లైన్‌లో మొత్తం కట్టేశాం కదా అని కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోవద్దు, అది నగరపాలక సంస్థకి వెళ్లే పన్ను.

మనవాళ్లు అడగడానికి మొహమాటపడే విషయం ఒకటి. ఇటలీ బాత్రూముల్లో టాయిలెట్ పక్కనే దాని ఎత్తులోనే ఇంకో చిన్న సింకులాంటిది ఉంటుంది. దాన్ని బిడే అంటారు. అది కాళ్లు కడుక్కోవడానికి కాదు, నీళ్లతో శుభ్రం చేసుకోవడానికే. 1975 నుంచి ఇళ్లలో అది ఉండి తీరాలని చట్టం. అద్దె ఫ్లాట్‌లో దిగితే దాదాపుగా ఉంటుంది.

4. రోజును ఇలా విడగొట్టండి

- ఉదయం 7 నుంచి 8:30: టికెట్ అక్కర్లేని చోట్లు. ట్రెవీ ఫౌంటెన్, స్పానిష్ మెట్లు, పియాత్సా నవోనా చౌకు. ఈ వేళలో నీళ్ల చప్పుడు వినిపిస్తుంది, పదింటికి జనం చప్పుడే.
- 8:30 నుంచి 12:30: టికెట్ కొన్న పెద్ద చోటు ఒకటి.
- 12:30 నుంచి 2:30: భోజనం. దీన్ని వాయిదా వేయకండి. మూడింటికి వంటశాలలు మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే.
- 2:30 నుంచి 4: విశ్రాంతి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ వేళ ఎండ భరించలేం. చిన్న చర్చిలు చాలావరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర, నాలుగు దాకా మూసే ఉంటాయి.
- 4 నుంచి 7: చర్చిలు, వీధులు, కొండ మీది తోటలు.
- 7:30 తర్వాత: రాత్రి భోజనం. ఎనిమిదింటికి టేబుల్ ముందే చెప్పి ఉంచుకోండి.

ఆగస్టు 15 చుట్టుపక్కల రోజుల్లో ఊళ్లోవాళ్లంతా సెలవు మీద వెళ్తారు. మంచి చిన్న రెస్టారెంట్లు రెండు వారాలు మూసేస్తారు. ఆ రోజుల్లో వెళ్తే ఒక్కో పూటకి రెండు చోట్లు అనుకుని ఉంచుకోండి.

5. మొదటి రోజు: కొలోస్సియం, ఫోరం

తొలి స్లాట్ 8:30ది తీసుకోండి. పావుగంట ముందు చేరాలి. గంటన్నరలో బయటికి వచ్చేస్తారు.

టికెట్ మీద ఉన్న వేళ కొలోస్సియానికి మాత్రమే. ఫోరం, పాలటైన్‌లకి 24 గంటల్లోపు ఒకసారి వెళ్లవచ్చు. బయటికి వచ్చేస్తే మళ్లీ రానివ్వరు. కాబట్టి లోపలికి వెళ్లే ముందే టాయిలెట్ పని, నీళ్లు చూసుకోండి. ఫోరం పెద్ద ద్వారం దగ్గర క్యూ కనిపిస్తే వియా ది సాన్ గ్రెగోరియో వీధి వైపున్న పాలటైన్ ద్వారానికి నడవండి. అక్కడ జనం తక్కువ. పైనుంచి మొదలుపెట్టి ఫోరంలోకి దిగడం మోకాళ్లకీ నయం.

మోకాళ్ల నొప్పులవాళ్లు ఫోరం లోపల తిరగలేకపోతే కంపిదోల్యో కొండ వెనక వైపు వెళ్లండి. మైకెలాంజిలో గీసిచ్చిన చౌకు దాటి పక్కగా నాలుగడుగులు వేస్తే ఫోరం మొత్తం కాళ్ల కింద పరుచుకుని కనిపిస్తుంది. టికెట్ లేదు. సూర్యాస్తమయానికి ముందు వెళ్తే రాళ్ల మీద నీరెండ పడుతూ ఉంటుంది.

6. రెండో రోజు: వాటికన్ (బుధవారం కాకుండా)

బుధవారం ఉదయం పోప్ భక్తులకి దర్శనం ఇచ్చే వేళకి సెయింట్ పీటర్స్ చౌకంతా కుర్చీలు వేస్తారు, మధ్యాహ్నం దాకా అక్కడి బసిలికాలోకి (పెద్ద చర్చిలోకి) రానివ్వరు. అందుకే ఆ రోజు మానుకోండి.

ఉదయం 7కి సెయింట్ పీటర్స్ బసిలికా తెరుస్తారు. ప్రవేశం ఉచితం. ఏడుకి వెళ్తే తనిఖీ క్యూ పది నిమిషాల్లో అయిపోతుంది. పదకొండుకి అదే క్యూ చౌకు చుట్టూ తిరుగుతుంది. గోపురం ఎక్కాలంటే 551 మెట్లు. లిఫ్టు తీసుకున్నా ఇంకా 320 ఎక్కాలి. చివరి మెట్లు మనిషి పట్టేంత ఇరుకు, గోడ వాలుగా ఉంటుంది. మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కింద ఉండిపోవడమే మంచిది.

బట్టల విషయంలో గట్టిగా ఉంటారు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, మగవాళ్లకి కూడా. పొట్టి నిక్కర్లతో వచ్చిన అబ్బాయిల్ని నిర్మొహమాటంగా వెనక్కి పంపిస్తారు. చీర, చుడీదార్ ఇబ్బంది లేదు. చేతుల్లేని జాకెట్ అయితే కొంగు భుజాల చుట్టూ కప్పుకోండి.

ఇక అందరూ చేసే తప్పు. మ్యూజియం ద్వారం సెయింట్ పీటర్స్ చౌకులో లేదు. వాటికన్ గోడ వెంట చుట్టూ తిరిగి ఉత్తరం వైపు వియాలె వాటికానో వీధిలోకి వెళ్లాలి, పావుగంటకి పైనే నడక. స్లాట్ వేళకి చౌకులో నిలబడి ద్వారం వెతుక్కుంటూ టికెట్ పోగొట్టుకునేవాళ్లు ప్రతిరోజూ ఉంటారు. మ్యాపులో 'వాటికన్' అని కాకుండా 'వాటికన్ మ్యూజియం ప్రవేశం' అని పెట్టుకోండి. మెట్రోలో వస్తే ఎ లైన్‌లో ఒత్తవియానో లేదా చిప్రో స్టేషన్.

మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా రాత్రి 8 వరకు ఉంటుంది, చివరి ప్రవేశం 6కి. పొద్దున బసిలికా, తర్వాత దగ్గర్లోని త్రియోన్‌ఫాలె మార్కెట్‌లో పళ్లు, ప్రాతిలో భోజనం, రెండున్నర మూడు మధ్య మ్యూజియం. ఈ వరసే అన్నిటికన్నా హాయి. ఉదయం వచ్చిన టూరు గుంపులు అప్పటికి పల్చబడతాయి. మార్కెట్ చాలా రోజులు మధ్యాహ్నం రెండు దాటితే కట్టేస్తారు. అక్కడ పళ్లు చేత్తో నొక్కి చూడకండి, కావలసినవి చూపిస్తే అమ్మే మనిషే ఏరి ఇస్తాడు. సూపర్‌మార్కెట్‌లో అయితే ప్లాస్టిక్ గ్లవ్ తొడుక్కుని, తూచి, స్టిక్కర్ అంటించి కౌంటర్‌కి తీసుకెళ్లాలి.

లోపల సిస్టీన్ చాపెల్ దాదాపు చివర్లో వస్తుంది. మొదట్లోనే కాళ్లు అరగదీసుకోకండి. భూపటాల గ్యాలరీ, చిత్రకారుడు రఫేల్ బొమ్మలున్న గదులకి ఓపిక దాచుకోండి. చాపెల్లో ఫొటోలు నిషేధం, మాట్లాడితే గార్డులు హెచ్చరిస్తారు. పక్క గోడల వెంట బల్లలు ఉంటాయి. ఖాళీ దొరికిన వెంటనే కూర్చుని తల ఎత్తండి. మెడ నొప్పి లేకుండా పది నిమిషాలు చూడగలిగితే, 1508 నుంచి 1512 దాకా మైకెలాంజిలో వేసిన పైకప్పులో బొమ్మలు ఒక వైపు చిన్నవిగా, ఇంకో వైపు పెద్దవిగా ఉన్నట్టు తెలుస్తుంది. చిన్న బొమ్మలు కింద నుంచి ఆనడం లేదని పని ముందుకు సాగేకొద్దీ ఆయన సైజు పెంచాడు.

7. మూడో రోజు: పాంథియాన్, నాణెం వేసి చూసే బొమ్మలు

పాంథియాన్ (రోమన్ల కాలపు గుడి, తర్వాత చర్చి అయింది) టికెట్ 2023 జూలై నుంచి 5 యూరోలు. 18 లోపు ఉచితం. గోపురం నడిమధ్యన 9 మీటర్లకి దగ్గరగా ఉండే రంధ్రం ఉంది, దానికి అద్దం లేదు. వాన పడుతుంటే తప్పకుండా వెళ్లండి. నీళ్లు నేరుగా లోపలికి పడి నేలలోని చిన్న చిన్న రంధ్రాల గుండా పోతుంటాయి. ఇది ఇప్పటికీ చర్చే, శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం ప్రార్థన వేళల్లో సందర్శకుల్ని ఆపుతారు.

అక్కణ్నుంచి మూడు నిమిషాల నడకలో సాన్ లుయీజి దెయ్ ఫ్రాంచేజి చర్చి. ఎడమ వైపు చివరి గదిలో చిత్రకారుడు కారవాజ్జో క్రీస్తు శిష్యుడు మత్తయి మీద వేసిన మూడు చిత్రాలున్నాయి. ప్రవేశం ఉచితం, కానీ గది చీకటి. గోడకున్న డబ్బాలో నాణెం వేస్తే దీపాలు వెలుగుతాయి, కాసేపటికి ఆరిపోతాయి. మీ నాణేలు ఇందుకే. పియాత్సా దెల్ పొపొలోలో శాంతా మరియా దెల్ పొపొలో చర్చిలో ఆయనవే ఇంకో రెండు ఉన్నాయి. మ్యూజియం టికెట్ కొనకుండానే ఇంత గొప్ప చిత్రాలు చూడవచ్చు. ఈ చర్చిలకి ఒక గంట కేటాయించమని గట్టిగా చెబుతాను.

స్పానిష్ మెట్ల మీద కూర్చోకండి. 2019 నుంచి నిషేధం, జరిమానా 250 యూరోల నుంచి మొదలు. ఫౌంటెన్ల అంచు మీద కూర్చుని డబ్బాలు విప్పి తినడం కూడా వద్దు.

8. నీళ్లు, కాఫీ

వీధుల్లో నల్లటి పోత ఇనుప స్తంభాల్లాంటి కుళాయిలు నిత్యం పారుతూ కనిపిస్తాయి. వీటిని నసోని అంటారు. ఊరంతా కలిపి సుమారు 2,500. నీళ్లు చల్లగా, తాగడానికి శుభ్రంగా ఉంటాయి. వంగి నోరు పెట్టక్కర్లేదు. గొట్టం చివర వేలితో మూయండి, పైనున్న చిన్న రంధ్రం నుంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. తాగకూడని నీళ్లైతే 'నోన్ పొతాబిలె' అని బోర్డు ఉంటుంది.

కాఫీ దుకాణాన్ని ఇక్కడ 'బార్' అంటారు. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఎస్ప్రెస్సో 1.20 నుంచి 1.50 యూరోలు. అదే టేబుల్ దగ్గర కూర్చుంటే మూడు రెట్లు దాకా పోతుంది. రెండు ధరలూ గోడ మీద రాసి ఉంటాయి. రద్దీ చోట్ల ముందు గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి, రసీదు తెచ్చి కౌంటర్ మీద పెట్టాలి.

'కఫ్ఫె' అంటే చిన్న కప్పులో చిక్కటి డికాక్షన్. పాలు కావాలంటే 'కపుచ్చీనో'. 'లాత్తె' అని అడిగితే ఉత్త పాలు ఇస్తారు. మన ఫిల్టర్ కాఫీ రుచికి దగ్గరగా కావాలంటే 'కఫ్ఫె మకియాతో' అడిగి చక్కెర కలుపుకోండి. టాయిలెట్ అవసరం పడితే ఒక కాఫీ కొని అడగడం మర్యాద.

9. మెనూ చదవడం: శాకాహారులు ఇక్కడ ఆగి చదవండి

రోమ్ వంటలో పంది బుగ్గ మాంసం ముఖ్యం. దాన్ని గ్వాంచాలే అంటారు. కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా మూడు పాస్తాల్లోనూ అదే. 'మాంసం లేకుండా కార్బొనారా' అడగకండి, చేసినా రుచి ఉండదు.

మాంసం, చేప లేనివి:

- పెన్నె అల్ల్ అర్రబ్బియాతా: టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. మన నాలుకకి నచ్చేది ఇదే. జున్ను (చీజ్) వద్దంటే మానేస్తారు.
- అల్యో ఒల్యో ఎ పెపెరొంచీనో: ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిర్చి, అంతే. మెనూలో లేకపోయినా అడిగితే చాలాచోట్ల చేస్తారు.
- కాచో ఎ పెపె: పెకొరీనో జున్ను, మిరియాలు. రోమ్‌లో ఒక్కసారైనా తినాల్సిన వంట.
- కార్చోఫి అల్లా జుదీయా: యూదుల పేటలో పుట్టింది. ఆర్టిచోక్‌ని రేకులు విప్పి నూనెలో కరకరలాడేలా వేయిస్తారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, మే దాకా సీజన్. ఆగస్టులో పెడుతున్నారంటే అది ఫ్రీజర్ సరుకు.
- చికోరియా రిపస్సాతా: కొంచెం చేదుండే ఆకుకూర, వెల్లుల్లి, మిర్చి వేసి వేయించింది.

జాగ్రత్త పడాల్సినవి ఇంకొన్ని. రోమ్‌లో 'పిజ్జా నాపొలి' అంటే నెత్తళ్ల చేపలు వేసింది. గుమ్మడి పువ్వుల వేపుడులోనూ, పుంతరెల్లె సలాడ్‌లోనూ నెత్తళ్లు ఉంటాయి, పైకి కనిపించవు. అన్నంతో చేసే సుప్లి ఉండల్లో పాత పద్ధతి ప్రకారం మాంసం సాస్ ఉంటుంది, కాబట్టి ప్రతిచోటా అడగండి. చిక్కుడు గింజల కూరలో పంది తోలు, కూరగాయల సూపులో మాంసం ముక్కలు వేసే అలవాటు ఉంది. పన్నాకోట్టా అనే మిఠాయిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. 'పెపెరోని' అని రాసి ఉంటే మాత్రం భయం లేదు, ఇటలీలో అది క్యాప్సికం.

గుడ్డు తిననివాళ్లు పాస్తా రకం చూసుకోవాలి. స్పఘెత్తి, పెన్నె, రిగతోని లాంటి ఎండు పాస్తాల్లో మామూలుగా గుడ్డు ఉండదు. ఫెత్తుచీనె, లజాన్యా, రవియోలి లాంటి తాజా పాస్తాల్లో ఉంటుంది. తిరమీసులో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల మద్యం కూడా.

ఇంకా నిష్ఠగా ఉండేవాళ్లకి ఒక మాట. పెకొరీనో రొమానో చేయడానికి పాలు విరిచేది గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన పదార్థంతో, పార్మిజానోకి దూడది. అది పనికిరాదనుకుంటే అర్రబ్బియాతా, అల్యో ఒల్యో, జున్నులేని మరినారా పిజ్జా తినండి. మరినారా అంటే టమాటా, వెల్లుల్లి, ఒరెగానో. కొన్ని రోమ్ పిజ్జేరియాల్లో దాని మీదా నెత్తళ్లు వేస్తారు, అడిగి తీసుకోండి.

చెప్పాల్సిన మాటలు: మగవాళ్లు 'సోనో వెజెతరియానో', ఆడవాళ్లు 'సోనో వెజెతరియానా'. కానీ దీని మీద మాత్రమే ఆధారపడకండి, నెత్తళ్లని మాంసం కింద లెక్క వేయనివాళ్లు ఉంటారు. ఒక్కొక్కటిగా చెప్పండి: 'సెంజా కార్నె, సెంజా పేషె, సెంజా ఉవోవా'. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. గొడ్డు మాంసం తినని మాంసాహారులు సాల్తింబొక్క, కోడా, త్రిప్పా వద్దనుకోండి. మాంసం ఉండలు, మాంసం సాస్ దాదాపుగా గొడ్డు, పంది కలిపినవే.

పాస్తా పలుకుగా వండుతారు. పెద్దవాళ్లకి గట్టిగా అనిపిస్తే ఆర్డర్ చేసేటప్పుడే 'బెన్ కోత్తా' అనండి. పిజ్జా మీదికి కారం కావాలంటే 'ఒల్యో పిక్కాంతె' అడగండి, మిర్చి నానబెట్టిన నూనె తెస్తారు.

మూడో రోజుకి పప్పు, కరివేపాకు మీదికి మనసు పోతే, వంటగది ఉన్న ఫ్లాట్‌లో దిగినవాళ్లు పియాత్సా విత్తోరియో దగ్గరి ఎస్క్విలీనో మార్కెట్‌కి వెళ్లండి. బెండకాయలు, మసాలాలు, బియ్యం అమ్మే దక్షిణాసియా దుకాణాలున్నాయి.

10. రెస్టారెంట్ ఎంచుకోవడం, బిల్లు సరిచూడడం

గుమ్మం దగ్గర నిలబడి పిలిచే చోటికి వెళ్లకండి. బోర్డు మీద వంటల ఫొటోలు, ఆరు భాషల మెనూ, సాయంత్రం అయిదింటికే తెరిచిన వంటశాల ఉంటే దాటిపోండి. మెనూ ఒకటి రెండు పేజీలే ఉండాలి. టెస్టాచ్చో పేట, ట్రస్టేవెరేలో పెద్ద చౌకుకి దూరంగా ఉన్న సందులు, ప్రాతి మంచివి. ఒక పాస్తా 10 నుంచి 15 యూరోలు.

మెనూలో నాలుగైదు వరసలుంటాయి. అన్నీ తీసుకోవక్కర్లేదు. మనిషికో పాస్తా, ఇద్దరికి కలిపి ఒక కూర చాలు. కూరలు పాస్తా తర్వాత తెస్తారు. కలిపి కావాలంటే 'ఇన్సియెమె' అని చెప్పండి.

బిల్లులో చూడాల్సినవి:

- 'పానె': బ్రెడ్డు ధర, మనిషికి 1 నుంచి 3 యూరోలు. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో కుర్చీ రుసుము వేయకూడదని 2006లో చట్టం వచ్చింది, అందుకే బ్రెడ్డు పేరుతో వేస్తారు. అది వద్దంటే పెట్టగానే తిప్పి పంపండి. తిన్నాక కట్టాల్సిందే.
- 'సెర్విత్సియో': మెనూలో ముందే రాసి ఉంటేనే చెల్లుతుంది.
- చేప పక్కన ఉన్న ధర. 'అల్ ఎత్తో' అని ఉంటే అది 100 గ్రాములకి. చేప మొత్తం బరువు, మొత్తం ధర ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి. వందల యూరోల బిల్లులు వచ్చేది ఇక్కడే.

టిప్పు తప్పనిసరి కాదు. బిల్లు అడగనిదే తేరు, తొందర పెట్టకూడదని వాళ్ల మర్యాద. 'ఇల్ కొంతో, పెర్ ఫవోరె' అనండి.

11. నడుస్తూ తినేవి

సాయంత్రం నాలుగింటి ఆకలికి జవాబు పిజ్జా అల్ తాల్యో. పెద్ద పళ్లెం పిజ్జాని కత్తెరతో కోసి తూచి ఇస్తారు. చేత్తో ఎంత కావాలో చూపించండి. కత్తెర పెట్టిన చోటు నచ్చకపోతే 'మేనొ' అంటే తక్కువ, 'ది ప్యు' అంటే ఎక్కువ. మనిషికి 200 గ్రాములు పూట గడుపుతాయి. బంగాళాదుంప పిజ్జా పిల్లలకి నచ్చుతుంది.

జెలాతో (ఇటలీ ఐస్‌క్రీమ్) కొనేముందు రంగులు చూడండి. పిస్తా గోధుమ రంగు కలిసిన ఆకుపచ్చగా, అరటి తెల్లబూడిద రంగులో ఉండాలి. మెరిసే ఆకుపచ్చ, నిమ్మపండు పసుపు కనిపిస్తే రంగు కలిపారు. కొండలా పోగు పోసినవి మానండి, మూతపెట్టిన స్టీలు డబ్బాల్లో ఉంచిన చోటు మేలు. పండ్ల రకాల్లో మామూలుగా పాలు, గుడ్డు ఉండవు. 'క్రేమా'లో గుడ్డు ఉంటుంది. 'జబయోనె', 'మాలగా' రకాల్లో మద్యం ఉంటుంది.

12. బస్సులు, మెట్రో, జేబులు

ఒక టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు చెల్లుతుంది. అందులో మెట్రో ఒక్కసారే. పదేళ్లలోపు పిల్లలకి పెద్దవాళ్లతో ఉచితం. మూడు రోజులు బాగా తిరిగితే 72 గంటల టికెట్ 22 యూరోలు. నిజానికి పాత నగరంలో నడకే ఎక్కువ, కాబట్టి చాలామందికి కార్డు తాకించి ఎక్కితే చాలు. తాకించాక మెషీన్ పచ్చగా వెలిగిందో లేదో చూసుకోండి. బస్సులో కాగితం టికెట్టైతే ఎక్కగానే ముద్ర వేయించండి.

టెర్మిని నుంచి వాటికన్ వైపు పోయే 64 నంబరు బస్సులోనూ, మెట్రో ఎ లైన్‌లోనూ జేబుదొంగలు ఎక్కువ. తలుపు మూసుకునే ముందు గుంపుగా తోసుకుని ఎక్కేవాళ్లని చూస్తే దిగిపోయి తర్వాతది ఎక్కండి. పాస్‌పోర్టులు, ఎక్కువ డబ్బు లోపలి సంచిలో పెట్టండి. వెనక జేబులో ఫోన్ వద్దు. చేతికి దారం కట్టడానికి వచ్చేవాళ్లకి చెయ్యి ఇవ్వకండి, కట్టాక డబ్బు అడుగుతారు. కొలోస్సియం దగ్గర సైనికుల వేషంలో ఉన్నవాళ్లతో ఫొటో కూడా అంతే. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు కాగితం తీసుకుని, దాంతో రోమ్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ఇంట్లోవాళ్ల ఫోన్లో కూడా ఒక కాపీ ఉంచండి.